చేటలో బియ్యం, చెంబులో నీళ్ళు: పసిపిల్లల ఇంటి ఆటలపై పాఠకుల ప్రశ్నలు

బడికి ఇంకా పోని పిల్లల చేత, అప్పుడప్పుడే పోతున్న పిల్లల చేత ఇంట్లో ఏ ఆటలు ఆడించాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఆరింటికి జవాబులు రాస్తున్నాను. రాసినవారి పేర్లు తీసివేసి ఊరి పేర్లు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఏ ఆట ఆడించాలన్నది చాలావరకు ఇంటి చుట్టూ ఏముందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్ళు. వాడిని చేర్చిన బడివారు ఇంటి దగ్గర ఆడించడానికి ఒక ఆటవస్తువుల పెట్టె కొనమంటున్నారు. దాని ధర మాకు భారం. మా అత్తగారేమో ‘మా పిల్లలంతా చేటతోనే ఆడుకుని పెరిగారు’ అంటున్నారు. కొనకపోతే పిల్లవాడు వెనకబడతాడా? (రాజోలు)

జవాబు: వెనకబడడు. అటువంటి పెట్టెల్లో సాధారణంగా ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, రంగు బిళ్ళలు, తాడుకు గుచ్చే పూసలు, రకరకాల ఆకారాల పలకలు ఉంటాయి. అవి చెడ్డవని అనను. కాని వాటిలో ప్రతిదానికీ మీ వంటింట్లోనో దొడ్లోనో ఒక జోడు ఉంది. పెద్దవాళ్ళు రోజూ నిజంగా వాడే వస్తువు మీద పిల్లలకు ఉండే మోజు కొన్న బొమ్మ మీద నాలుగు రోజులకు మించి నిలవదని పిల్లల్ని పెంచినవారందరికీ తెలుసు. మీ అత్తగారి మాటలో నిజం ఉంది. అయితే చేట చేతికిచ్చి వదిలేస్తే సరిపోదు, చేటలో ఏం పోస్తామో కాస్త ఆలోచించాలి.

అటక మీద పాత కొలతపాత్రలు, అంటే గిద్ద, సోల, తవ్వ, మానిక, ఉంటే దింపించండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న లెక్క ఇప్పుడు దుకాణాల్లో ఎవరికీ పట్టకపోయినా, ఈ వయసు పిల్లవాడికి అంతకంటే చక్కని గణిత పరికరాన్ని నేను చూడలేదు. నేల మీద పాత దుప్పటి పరిచి, పెద్ద పళ్ళెంలో రెండు మానికల బియ్యం పోసి, గిద్దనూ సోలనూ చేతికిచ్చి, పక్కనే కూర్చుని మీ పని మీరు చేసుకోండి. మొదటి వారమంతా వాడు పోస్తాడు, ఒలకబోస్తాడు, మళ్ళీ ఎత్తుతాడు, అంతకంటే ఏమీ జరగదు. అది చదువు కాదనుకోవద్దు. అంచుదాకా నింపి పొర్లకముందే చెయ్యి ఆపాలంటే కన్నూ చెయ్యీ ఎంత కలిసి పనిచేయాలో ఆలోచించండి. వాడి చెయ్యి కుదిరాక, రెండో వారంలోనో మూడో వారంలోనో, ‘ఈ సోల నిండాలంటే గిద్దతో ఎన్నిసార్లు పోయాలంటావు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు తప్పయితే దిద్దకుండా పోసి చూడమనండి.

ఇక్కడ మీకు ఒక వింత కనిపిస్తుంది. వెడల్పాటి గిన్నెలోని బియ్యాన్ని వాడి కళ్ళముందే పొడుగాటి గ్లాసులోకి పోసి, ముందున్నవి ఎక్కువా ఇప్పుడున్నవి ఎక్కువా అని అడిగితే ఇప్పుడే ఎక్కువ అంటాడు. స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లలతో ఇటువంటి పరీక్షలు ఎన్నో చేసి, ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు ఎత్తును చూసే పరిమాణాన్ని నిర్ణయించుకుంటారని చెప్పాడు. ‘అదేమిట్రా, అవే బియ్యం కదా’ అని మామ్మ నవ్వితే వాడు తల ఊపుతాడు గాని లోపల ఒప్పుకోడు. వాదించి నేర్పగలిగిన విషయం కాదు అది. పోసి పోసి ఏదో ఒకనాటికి దానంతట అదే తెలిసి వస్తుంది, కనుక ఆ ఒక్క విషయంలో మీ అత్తగారిని కూడా తొందరపడవద్దని చెప్పండి.

ఏరడం, జతపరచడం వంటి ఆటలకు పళ్ళెంలో కందులూ మినుములూ పెసలూ కలిపి వేరు చేయమనడం అందరూ చెప్పే మాటే. నాకు అంతకంటే నచ్చినది పొట్టిక్కల పని. పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు చేసి, ఇడ్లీపిండి పోసి ఉడికించడం మీ కోనసీమలో ఇంటింటా తెలిసినదే కదా. బుట్ట అల్లడం మూడున్నరేళ్ళవాడి వల్ల కాదు, పుల్ల వేలికి గుచ్చుకుంటుంది కూడా. కాని ‘బుట్టకు నాలుగు ఆకులు కావాలి, నాలుగూ ఒకే సైజువి ఏరి పెట్టు’ అంటే వాడు ఒక ఆకు మీద ఇంకొక ఆకు పెట్టి చూసి, పెద్దది పక్కన పడేసి, చిన్నది పక్కన పడేసి, చివరికి నాలుగు సమానమైనవి తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు, కొన్న పెట్టెలోని ఆకారాల పలకలు చేయించదలచిన పనంతా చేసినట్టే. పైగా ఆ బుట్టలో ఉడికినది తింటాడు. అరటిగెలతో కూడా ఇటువంటి పనే చేయించవచ్చు. గెలకు అత్తాలు ఎన్ని, పై అత్తానికి కాయలు ఎన్ని, కింది అత్తానికి ఎన్ని, ఏది ఎక్కువ అని అడుగుతూ పోతే రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళే గెల కూడా మీ గుమ్మం దగ్గర కాసేపు పాఠ్యపుస్తకమే.

బడివారు మిమ్మల్ని నిలదీస్తే చెప్పడానికి ఒక మాట. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా తీసుకుని, ఆ దశలో చదువు ఆట మీదే నడవాలంది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చుట్టుపక్కల దొరికే వస్తువులతో ఆడించమంటుంది. ఇక కొనదలిస్తే నేను కొనమనేది ఒక్కటే, అదీ డబ్బు పెట్టి కాదు. ఊళ్ళో వడ్రంగి దగ్గర గుమ్మాలు చేయగా మిగిలిన చెక్కముక్కలు ఇరవయ్యో ముప్పయ్యో అడిగి తెచ్చి, ఉప్పుకాగితంతో అంచులు రుద్దించండి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పాతబడని బొమ్మ అది.

ప్రశ్న: ఇంట్లో కూర్చుని లేసు అల్లుతాను. పాపకు రెండేళ్ళు దాటాయి. చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. పని సాగడం కోసం సెల్‌ఫోను ఇస్తున్నాను, మంచిది కాదని తెలిసీ ఇస్తున్నాను. వేరే దారి ఉందా? (నరసాపురం దగ్గర)

జవాబు: మిమ్మల్ని తప్పుపట్టే హక్కు, అల్లకం గడువు నెత్తిమీద ఉండగా రెండేళ్ళ పిల్లను ఒంటిచేత్తో చూసుకున్నవారికే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళు నిండని పిల్లలకు తెర చూపించడం మంచిది కాదు, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. కనుక ఒక్కసారిగా మానిపించలేకపోయినా, గంటలోపుకు దింపడం మొదటి మెట్టు అనుకోండి.

దానికి మూడు బుట్టలు సిద్ధం చేసుకోండి. ఒక్కొక్క దానిలో ఆరేడు వస్తువులకు మించకూడదు, ఒక్కటి కూడా పాప పిడికిలి కంటే చిన్నది కాకూడదు. రుద్ది నునుపు చేసిన కొబ్బరి చిప్పలు, మూతలున్న స్టీలు గిన్నెలు, చెక్కగరిటె, చిన్న తాటాకు బుట్ట, వెడల్పు మూతి ఉన్న డబ్బాలో కుక్కిన పాత చీర ముక్కలు వంటివి చాలు. ఆ చీరముక్కలను ఒకదానికొకటి ముడివేసి పెడితే, ఒకటి లాగగానే ఇంకొకటి వస్తూ ఉంటుంది, రెండేళ్ళ పిల్లకు అంతకంటే ఇంద్రజాలం ఉండదు. ఈరోజు ఒక బుట్ట, రేపు ఇంకొకటి తీస్తే నాలుగోనాటికి మొదటి బుట్ట మళ్ళీ కొత్తదవుతుంది. ఇంకొక సంగతి: బుట్ట ఇచ్చి లేచిపోకుండా మొదటి ఐదు నిమిషాలు దారం పక్కనపెట్టి పాపతో కూర్చోండి. ఆ ఐదు నిమిషాల అప్పు తీర్చుకున్నాక పావుగంట మీకు వదులుతుంది. ఆ వయసులో పావుగంట చాలా ఎక్కువ, అరగంట ఆశించవద్దు.

చింతపిక్కలు, శనగలు, పూసలు, గోళీలు మూడేళ్ళు నిండేదాకా ఇంట్లో ఆమెకు అందే ఎత్తులో ఉండకూడదు. రిమోటులోనూ ఆటబొమ్మల్లోనూ ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ అయితే ఎంత పెద్ద పిల్లలకైనా ప్రమాదమే. మింగితే లోపల గొంతును కాల్చేస్తుంది, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. గింజల సంగతి నేను అనుభవించి చెబుతున్నాను. ఏళ్ళ తరబడి ఇతరులకు జాగ్రత్తలు చెప్పిన నా ఇంట్లోనే మా మనవరాలు ఒక శనగగింజను ముక్కులో పెట్టుకుంది. నేను నీళ్ళు చల్లి తీయబోయాను. తడి తగిలి గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంది. చివరికి చెవిముక్కు వైద్యుడు ఒక కొక్కెంతో అరనిమిషంలో తీసి, ‘ఇంకెప్పుడూ ఇంట్లో ప్రయత్నించకండి అమ్మా’ అన్నాడు. మీ అల్లకపు సూది కూడా పనిలేనప్పుడు మూత ఉన్న డబ్బాలోకి వెళ్ళిపోవాలి.

ప్రశ్న: మాది నాలుగో అంతస్తులో అపార్టుమెంటు. పెరడు లేదు. నాలుగేళ్ళ అమ్మాయి చేత బడిలో రోజూ పేజీ నిండా అక్షరాలు రాయించి, ఇంటికి మరో పేజీ ఇస్తున్నారు. పెన్సిల్ చూస్తే ఏడుస్తోంది. ఆటలా రాయించే మార్గం చెప్పగలరా? (భీమవరం)

జవాబు: రాయించే మార్గం చెప్పేముందు రాయలేకపోవడం ఎందుకో చెప్పాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. నాలుగేళ్ళ వయసులో వాటిలో కొన్ని ఇంకా ఎముకగా గట్టిపడకుండా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్ళ కండరాలకూ అప్పటికి పట్టు చాలదు. మన అక్షరాలు చూస్తే నిలువుగీతలూ అడ్డగీతలూ కావాయె, అన్నీ వంపులే. సన్నటి పెన్సిలుతో రెండు గీతల మధ్య ఆ వంపులను తిప్పమంటే ఆ పిల్ల ఏడవక ఏం చేస్తుంది? ఉపాధ్యాయురాలిని ఒకసారి కలిసి ఇంటి పేజీని పావు పేజీ చేయమని మర్యాదగా అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, పై నుంచి ఒత్తిడి వాళ్ళకూ ఉంటుంది. ఒప్పుకోకపోతే, మిగిలిన పేజీ ఖాళీగా వెళ్ళినా కొంప మునగదని నా అభిప్రాయం.

వేలికి బలం తెచ్చే పనులకు పెరడు అక్కరలేదు. చిక్కుడుకాయల ఈనె తీయడం, పచ్చి బఠాణీలు ఒలవడం, చపాతీపిండి ముద్దను సాగదీసి పాములు చేయడం, తడిగుడ్డ పిండడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం, ఇవన్నీ బొటనవేలూ చూపుడువేలూ కలిసి చేసే పనులు. రోజూ వీటిలో ఒకటి చేసిన పిల్లకు పెన్సిల్ పట్టు ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు.

అక్షరాన్ని మాత్రం పెద్దదిగా మొదలుపెట్టి చిన్నదిగా చేసుకుంటూ రావాలి. బాల్కనీ గచ్చు మీద చెంబెడు నీళ్ళూ పెయింటు కుంచే ఇచ్చి, చెయ్యి భుజం నుంచి కదిలేంత పెద్ద ‘అ’ రాయమనండి. భీమవరం ఎండకు ఆ అక్షరం రెండు మూడు నిమిషాల్లో మాయమవుతుంది. అది మాయమవుతుండగా చూడటం పిల్లలకు రాయడం కంటే ఇష్టం. తప్పు రాసినా చెరపనక్కరలేదు, ఎవరూ ఎర్రసిరాతో దిద్దలేరు. తరువాత పళ్ళెంలో బియ్యం పలచగా పరిచి వేలితో రాయించండి. అక్షరాభ్యాసం నాడు మనం చేసేది అదే, కాకపోతే ఆ ఒక్కరోజు చేయించి మర్నాడే నోటుపుస్తకం చేతిలో పెడతాం. కనీసం ఆర్నెల్లు ఆ పళ్ళెం ఉండాలి. అక్షరాలను కూడా వర్ణమాల వరుసలోనే నేర్పాలన్న పట్టుదల వదిలి, ఆకారం కలిసేవాటిని ఒక్క కుటుంబంగా తీసుకోండి. ‘ద’ వచ్చిన చేతికి ‘ధ’, ‘థ’ ఎంత దూరం? ‘వ’ వస్తే ‘మ’ పక్కింట్లోనే ఉంది. అన్నిటికంటే ముందు తన పేరులోని మొదటి అక్షరం నేర్పండి, ఏ పిల్లకైనా లోకంలోకెల్లా ముఖ్యమైన అక్షరం అదే.

ఐదో ఏడు వచ్చాక ముగ్గు మొదలుపెట్టవచ్చు. సందుచుక్కలు ఐదు పెట్టి మూడు వచ్చేదాకా తగ్గించే ముగ్గులో వరుసలకు మూడు, నాలుగు, ఐదు, నాలుగు, మూడు చుక్కలు వస్తాయి. చుక్కలు మీరు పెట్టి, ‘కింది వరుసకు ఎన్ని?’ అని అడిగితే కాసేపటికి ఎక్కువా తక్కువా దానికే పట్టుబడుతుంది. ముగ్గురాయి పొడి, సున్నం కంట్లో పడితే మంట కనుక పిల్లల చేతికి బియ్యప్పిండే ఇవ్వండి.

ప్రశ్న: మా ఇల్లు రొయ్యల చెరువుల మధ్య ఉంది. నాలుగేళ్ళ బాబుకు నీళ్ళంటే ప్రాణం. భయం కొద్దీ నీళ్ళ దగ్గరకే పోనివ్వడం లేదు. ఇది సరైనదేనా? (ఉండి దగ్గర)

జవాబు: చెరువుగట్టు దగ్గరకు పోనివ్వకపోవడం నూటికి నూరుపాళ్ళు సరైనది. ఇంట్లో నీళ్ళాట కూడా మానిపించడం మాత్రం అనవసరం. నీళ్ళ మీద మోజు తీరని పిల్లవాడే ఎవరూ చూడనప్పుడు గట్టు వైపు నడుస్తాడు.

వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో జానెడు నీళ్ళు పోసి, మీరు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చుని ఆడించండి. మునిగేవి ఏవి, తేలేవి ఏవి అన్న ఆటకు గోదావరి జిల్లాలను మించిన చోటు లేదు. ముందు ఒలవని కొబ్బరికాయనూ ఒక ఇనుప మేకునూ రెండు చేతుల్లో పట్టుకోనిచ్చి, ఏది మునుగుతుందో చెప్పమనండి. బరువైనది మునుగుతుందని పిల్లలందరూ అనుకుంటారు, కనుక కొబ్బరికాయ అంటాడు. కొబ్బరికాయ తేలి, చిటికెన వేలంత మేకు బుడుంగున మునిగినప్పుడు వాడి ముఖం చూడండి. కాయ పైన ఉండే డొక్కలోని పీచు నిండా గాలి ఉండటం వల్ల కాయ తేలుతుందని ఆ వయసులో చెప్పినా ఎక్కదు, చెప్పనవసరం లేదు. తరువాత కమలాపండును తొక్కతో ఒకసారి, తొక్క ఒలిచి ఒకసారి వేసి చూపండి. తొక్కతో తేలినది ఒలిచాక మునుగుతుంది. ఆ పైన చెరువుమట్టి ముద్దను వేస్తే మునుగుతుంది, అదే ముద్దను దొన్నెలా చేసి పెడితే తేలుతుంది. ఆ దొన్నెలో ఎన్ని గులకరాళ్ళు వేస్తే మునుగుతుందో లెక్కపెట్టించడం వేరే ఆట.

ఆట అయిన మరుక్షణం తొట్టి బోర్లించాలి. బకెట్టులో జానెడు నీళ్ళున్నా చిన్నపిల్లలకు ప్రాణాంతకమే. మునిగే పిల్లలు కేకలు వేస్తారని పెద్దలు అనుకుంటారు గాని, చాలాసార్లు ఏ చప్పుడూ ఉండదు. మన డెల్టాకు ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల తరువాత కాలువలు కట్టేస్తారు, వేసవంతా పిల్లలు ఎండిన కాలువలోనూ దాని నుంచి చేలకు నీళ్ళు తెచ్చే బోదెలోనూ దిగి ఆడుకుంటారు, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలిన నాడు ఆ పిల్లల కాళ్ళు అలవాటు కొద్దీ అక్కడికే వెళతాయి. మీ ఇంటి ముందు బోదె ఉంటే, నీళ్ళు వచ్చిన రోజున బాబును చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, ఒక కర్రను నీళ్ళలో దించి ఎంత లోతుకు తడిసిందో చూపించి, ఆ కర్రను వాడి పక్కన నిలబెట్టండి. తడి వాడి తల దాటి ఉంటుంది. ఎన్ని కోప్పడినా చెప్పలేనిది ఆ కర్ర చెబుతుంది.

ప్రశ్న: మా నర్సరీలో మొక్కల మధ్యనే ఆడుకుంటుంది మా పాప. మూడేళ్ళు నిండాయి. ఒంటరిగా గంటలకొద్దీ కుండీల్లో గులకరాళ్ళు వరుసగా పేరుస్తుంది, పిలిస్తే పలకదు, మాటలు పది కూడా రాలేదు. ఏ ఆటలు ఆడిస్తే మాటలు వస్తాయి? (కడియం)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరానికి ఆటలతో జవాబు చెప్పను. మూడేళ్ళకు మాటలు పదిలోపు ఉండటం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించవలసిన లక్షణాలు. మొదట వినికిడి పరీక్ష చేయిస్తారు, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసి, అవసరమైనవారిని జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ అంగన్‌వాడీ కార్యకర్తను గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే దారి చెబుతారు. ‘వాళ్ళ నాన్నకు కూడా ఆలస్యంగానే మాటలు వచ్చాయి’ అని పెద్దవాళ్ళు అంటారు, అది నిజమే కావచ్చు, అయినా చూపించండి. చూపించేదాకా చేయగలిగింది ఒకటి ఉంది. ఆమె రాళ్ళు పేరుస్తుంటే ఎదురుగా కూర్చుని మీరూ ఒక వరుస పేర్చండి, పేరుస్తూ ‘ఒకటి... ఇంకొకటి...’ అని నెమ్మదిగా అనండి. ఆమె ఆటను ఆపకండి.

ప్రశ్న: నాకు డెబ్భై దాటాయి. అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్ళగా ఐదేళ్ళ మనవడు నాతోనూ వాడి మామ్మతోనూ ఉంటాడు. నాకు తెలిసినవల్లా వామనగుంటలు, అష్టాచెమ్మా, పులీ మేకా. వీటివల్ల చదువుకు లాభమేమైనా ఉందా, లేక కాలక్షేపమేనా? ఇంకొక చిక్కు, ఓడిపోతే గింజలన్నీ విసిరికొడతాడు. అందుకని నేనే ఓడిపోతున్నాను. (ముమ్మిడివరం)

జవాబు: తాతగారూ, మీకు తెలిసినవి మూడే అయినా, ఆ మూడూ బళ్ళో రెండేళ్ళ లెక్కల పాఠానికి సరిపోతాయి.

వామనగుంటల పీటకు అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. గుంటకు ఎన్ని పిక్కలు పోయాలన్నది ఇంటికో లెక్క. ఐదేళ్ళవాడికి అంత పీట ఒక్కసారిగా పెద్దది. దొడ్లో ఇసుకలో అటు మూడు, ఇటు మూడు గుంటలు తీసి, గుంటకు మూడేసి చింతపిక్కలతో మొదలుపెట్టండి. చేతిలోని పిక్కలను గుంటకు ఒకటి చొప్పున జారవిడుచుకుంటూ పోవడమే ఈ ఆటకు ప్రాణం. చిన్నపిల్లలు అంకెలు గడగడా అప్పజెబుతారు గాని, పది వస్తువులు ముందు పెట్టి లెక్కపెట్టమంటే ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టి ఇంకొకదాన్ని వదిలేస్తారు. ఒక పిక్కకు ఒక గుంట, ఒక గుంటకు ఒక అంకె అన్న జత ఈ ఆటలో వేళ్ళకే తెలిసిపోతుంది. ఒక నెల గడిచాక, గుంటలో మూడున్నాయో నాలుగున్నాయో వాడు లెక్కపెట్టకుండానే చూపుతో చెబుతాడు. ఆ తరువాత ‘ఇక్కడి నుంచి తీస్తే ఎక్కడ ఆగుతాను’ అని ముందే చూసుకోవడం మొదలవుతుంది. అది మొదలైన నాడు గుంటలు ఐదు చేయండి, ఏడుకు తొందరలేదు.

అష్టాచెమ్మాకు గవ్వలు లేకపోతే చింతపిక్కలను ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గచ్చుకు రుద్దడం మీకు నేను చెప్పాలా? ఆ రుద్దే పని మనవడికే ఇవ్వండి, ఒక పూట గడిచిపోతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే నాలుగూ ఎనిమిదీ. ఇరవై ఐదు గళ్ళలో కాయను నడిపించడంలో కూడిక తెలియకుండానే వస్తుంది. మొదట్లో నాలుగు కాయలు కాకుండా ఒక్క కాయతో ఆడించండి, లేకపోతే ఆట ముగియకుండానే వాడికి నిద్ర వస్తుంది. పులీ మేకా మాత్రం ఇంకో రెండేళ్ళు ఆగాలి. పదిహేను మేకలనూ కూడగట్టి మూడు పులులను కట్టడి చేయడానికి కావలసిన ఓపిక ఐదేళ్ళకు ఉండదు. పులి పక్షం వాడికిచ్చి, మేకల పక్షం మీరు ఆడితే ఇప్పుడైనా కాసేపు నడుస్తుంది.

ఇక ఓటమి సంగతి. కావాలని ఓడిపోవడం ఆపేయండి. ఐదేళ్ళవాడికి అది తెలియదనుకుంటాం, ఆరో ఏటికల్లా తెలిసిపోతుంది. తెలిసిన నాటి నుంచి మీతో గెలిచిన గెలుపు వాడికి చప్పబడిపోతుంది. దానికి బదులు, ‘నేను పెద్దవాణ్ణి కాబట్టి నా గుంటల్లో రెండేసి, నీ గుంటల్లో నాలుగేసి’ అని బాహాటంగా చెప్పి ఆడండి. అది మోసం కాదు, ఒప్పందం. వాడు రెండుమూడు ఆటలు వరుసగా నెగ్గగానే ఆ తేడా తగ్గించండి. పందెం గవ్వలదే అయిన అష్టాచెమ్మాలో ఎలాగూ వాడు నిజంగానే మిమ్మల్ని ఓడించగలడు, కనుక కోపం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ ఆటే వేయండి. పిక్కలు విసిరికొట్టినప్పుడు తిట్టకుండా, ‘ఏరుకుని వస్తే ఇంకో ఆట’ అని మాత్రం అనండి. చల్లిన పిక్కలు పద్దెనిమిదీ దొరికాయో లేదో లెక్కపెట్టి ఇమ్మనండి.

అన్నిటికంటే పనిచేసేది ఇంకొకటి ఉంది. భోజనాలయ్యాక అరుగు మీద వాడిని పక్కన కూర్చోబెట్టుకుని వాడి మామ్మగారితో ఒక ఆట వేయండి. ఆ తరం ఆడవాళ్ళు వామనగుంటల్లో ఎంత గట్టివాళ్ళో మీకు తెలియనిది కాదు. మీరు ఎంత బాగా ఆడినా ఓడిపోయే అవకాశమే ఎక్కువ. ఓడిపోయాక పిక్కలు పోగుచేసి, ‘ఇంకోసారి వేద్దామా?’ అని ఆవిడను అడగండి, వాడు వింటుండగా.